మూసిన దారులు: ఉక్రెయిన్ కరువు మీద మీ ప్రశ్నలు

రెండు నెలల కిందట ఈ పేజీలో ఒక పాఠకురాలు "ఆకలితో ఒళ్లు ఎందుకు ఉబ్బుతుంది?" అని అడిగారు. జవాబులో 1933 నాటి ఉక్రెయిన్ గురించి రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు ఇంకా చెప్పమన్నారు, కొందరు కోప్పడ్డారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. నేను డాక్టర్ని, చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. కానీ 1982 నుంచి 89 దాకా ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో మెడిసిన్ చదివాను, రష్యన్ అక్కడే నేర్చుకున్నాను. అప్పటి నుంచీ ఈ విషయం నన్ను వదల్లేదు.

మా నాన్నగారు సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన మనిషి. ఉక్రెయిన్ కరువంతా పాశ్చాత్య దేశాల ప్రచారమని చివరిదాకా నమ్మారు. మీరు రాసింది చదివి మనసు కలత పడింది. అది నిజంగా జరిగిందా? — పాఠకుడు, ఖమ్మం

జరిగిందండీ. మీ నాన్నగారిని నేను తప్పు పట్టను. మా ఇంట్లోనూ ఆ పుస్తకాలే ఉండేవి. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. ఉక్రెయిన్ అంటే ఆకాశం దాకా గోధుమ చేను, తలకు రుమాలు కట్టుకుని నవ్వుతున్న ఒక ఆడమనిషి. ఆ బొమ్మ కళ్లలో పెట్టుకునే నేను ఖార్కివ్‌లో రైలు దిగాను.

మా హాస్టల్ గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ కూర్చునేది. అలాంటివాళ్లను అక్కడ దెజూర్నయా అంటారు, డ్యూటీలో ఉన్న మనిషి అని. నేను వెళ్లిన మొదటి చలికాలం, గట్టిపడిపోయిన నల్ల రొట్టె ముక్క ఒకటి చెత్తబుట్టలో పడేశాను. ఆవిడ నా వెనకే వచ్చి, వంగి దాన్ని బయటికి తీసి, అరచేత్తో తుడిచి ఏప్రన్ జేబులో వేసుకుంది. తిట్టలేదు. "పారేయకు. నాకివ్వు" అంది, అంతే. ఆ తర్వాత నా గదిలో మిగిలినవన్నీ ఆవిడకే ఇచ్చేదాన్ని. ఒకసారి ఆవిడకు జ్వరమొస్తే ఇంజెక్షన్ చేయడానికి గదికి వెళ్లాను. మంచం కింద మూడు దిండు గలీబుల నిండా ఎండబెట్టిన రొట్టె ముక్కలు. అప్పటికి యుద్ధం ముగిసి నలభై ఏళ్లు. దుకాణంలో రొట్టెకు ఏ లోటూ లేదు. యుద్ధకాలపు భయమేమో అనుకున్నాను.

1988 చలికాలంలో గాని ఆవిడ నోరు విప్పలేదు. ఆవిడది పొల్తావా వైపు పల్లె. 1933 వసంతంలో ఆవిడకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగు. తండ్రి అప్పటికే పోయాడు. తల్లి ఇద్దర్నీ తీసుకుని ఖార్కివ్ దాకా నడిచి వచ్చింది, రాత్రిళ్లు నడుస్తూ, పగళ్లు దాక్కుంటూ. రైల్వే స్టేషన్ గోడ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి "నీళ్లు తెస్తాను" అని వెళ్లింది. మళ్లీ రాలేదు. "వదిలేసిందనుకోకు, దోన్యు" అంది నాతో. దోన్యు అంటే ఉక్రేనియన్‌లో బిడ్డా అని. "పల్లెటూరి మనిషికి పట్నంలో రేషన్ లేదు. తల్లి పక్కనుంటే మేమూ పల్లెటూరివాళ్లమే. ఎవరూ లేని పిల్లలకైతే అనాథాశ్రమంలో గంజి పోస్తారు. అమ్మ లెక్క వేసుకుంది." తమ్ముడు ఆశ్రమంలో వారం కూడా బతకలేదు. ఆవిడ బతికింది.

ఆ సంగతి అంతకాలం ఎందుకు దాచిందంటే, దేశమే దాచింది గనక. సోవియట్ ఉక్రెయిన్ పార్టీ అధినేత షెర్బిత్‌స్కీ 1987 డిసెంబర్ 25న, రిపబ్లిక్ 70 ఏళ్ల ఉత్సవ ప్రసంగంలో కరువు అనే మాట అన్నాడు. అక్కడి అగ్రనాయకుల నోట అది బహిరంగంగా రావడానికి యాభై నాలుగేళ్లు పట్టింది. 1990లో పార్టీ దస్త్రాలే తెరుచుకున్నాయి. ఇప్పుడు మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వచ్చింది కాదు. మాస్కో, కీవ్, ఖార్కివ్‌ల బీరువాల్లోంచి తేదీలతో, సంతకాలతో వచ్చింది.

పండించిన రైతే ఆకలితో చావడం నాకు మింగుడు పడడం లేదు. వానలు పడలేదా? నాలుగు బస్తాలు దాచుకోలేకపోయారా? — రైతు, కర్నూలు జిల్లా

అయ్యా, మీరు రైతు కాబట్టి ముందు పంట సంగతే చెబుతాను. 1932లో పంట తగ్గిన మాట నిజం. ఆకాశం మాత్రమే చేసిన పని కాదది. 1929 చివరి నుంచి స్టాలిన్ ప్రభుత్వం భూమినీ, పశువుల్నీ, పనిముట్లనీ కొల్‌హోజుల్లో, అంటే సామూహిక క్షేత్రాల్లో కలిపేసింది. కాస్త బాగా బతుకుతున్నవాడికి కులక్ అని పేరు పెట్టి, కుటుంబంతో సహా సైబీరియాకో ఉత్తరాదికో తోలేసింది. కులక్ అంటే ఎవరన్నదానికి హద్దే లేదు. రెండు ఆవులున్నా, ఇంటికి రేకుల కప్పున్నా చాలు. అంటే ఊళ్లో బాగా సేద్యం తెలిసినవాళ్లే ముందు పోయారు. మిగిలినవాళ్లు తమ పశువును ఊరికే అప్పగించడం కంటే కోసుకు తినడం మేలనుకున్నారు. 1928లో సోవియట్ దేశమంతా కలిపి ఏడు కోట్ల చిల్లర ఉన్న ఆవులూ ఎద్దులూ 1933 నాటికి నాలుగు కోట్లకు లోపే మిగిలాయి. గుర్రాలు సగమైపోయాయి. అక్కడ దుక్కి దున్నేది గుర్రమే. వాటి లోటు తీర్చేటన్ని ట్రాక్టర్లు లేవు. చేలు కలుపు పట్టాయి, గోధుమకు తుప్పు తెగులు తగిలింది, కోసింది కళ్లం చేరేలోపే చాలా గింజ రాలిపోయింది.

ఇంతవరకూ దీన్ని చేతకాని పాలన అనవచ్చు. పంట తగ్గిందని ఒప్పుకుని, ఊళ్ల నుంచి ప్రభుత్వం చేసే ధాన్యం సేకరణ ఆపి ఉంటే చాలామంది బతికేవారు. ఆపలేదు. లక్ష్యాన్ని కొంత కొంత తగ్గించారు గాని, తగ్గించినది కూడా ఊళ్లు ఇవ్వగలిగినదానికి మించే ఉంది. 1932 శరదృతువులో సోవియట్ ప్రధాని మొలొతోవ్ స్వయంగా ఖార్కివ్‌కు వచ్చి కూర్చున్నాడు. అప్పట్లో ఉక్రెయిన్ రాజధాని అదే. నవంబర్ 18న ఒక తీర్మానం వచ్చింది. ధాన్యం బాకీ పడినవాళ్ల మీద వస్తురూపంలో జరిమానా: పదిహేను నెలల మాంసం కోటా, ఏడాది బంగాళాదుంపల కోటా. మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు, దీనర్థం పాకలో ఆవు పోయిందని, నేలమాళిగలో దుంప పోయిందని. బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకాల్లో పదే పదే వినబడేది ఆవు. ఆవు మిగిలిన ఇంట్లో పిల్లలు బతికారు.

ఇక దాచుకోవడం. దాచుకున్నారు. గోడల్లో, పొయ్యి వెనక, ఉయ్యాల కింద, సమాధుల దగ్గర. వెతకడానికి దళాలు వచ్చేవి. చేతిలో మొన తేలిన పొడవాటి ఇనుప చువ్వ. దాంతో మట్టి నేలను, గడ్డి కప్పును, పెరటిని గుచ్చి చూసేవాళ్లు. గోధుమ ఒక్కటే కాదు, చిక్కుళ్లు, బీట్‌రూటు, గుడ్డలో కట్టిన గుప్పెడు గింజలు ఏది దొరికితే అది. పొయ్యి మీద ఉడుకుతున్న కుండను బోర్లించిన సంఘటనలు బతికినవాళ్లు ఎంతోమంది చెప్పారు. ఆ దళాల్లో పట్నం నుంచి వచ్చినవాళ్లున్నారు, అదే ఊరి పొరుగువాళ్లూ ఉన్నారు. దొరికినదాంట్లో వాటా వస్తుందన్న ఆశతో, ఆకలితోనే తిరిగినవాళ్లూ ఉన్నారు. నాకు వాళ్ల గురించి చదివినప్పుడే ఎక్కువ బాధ.

చేలో రాలిన వెన్ను ఏరుకోవడం కూడా నేరమే. 1932 ఆగస్టు 7 చట్టం ప్రకారం కొల్‌హోజు సొత్తు దొంగిలిస్తే కాల్చివేత, లేదంటే పదేళ్ల జైలు. జనం దానికి "వెన్నుల చట్టం" అని పేరు పెట్టుకున్నారు.

అప్పటికీ ధాన్యం కట్టలేని ఊళ్లను "నల్ల బోర్డు" మీదికి ఎక్కించారు. డిసెంబర్ 6 ఉత్తర్వులో మొదటి ఆరు ఊళ్ల పేర్లున్నాయి: వెర్బ్కా, హవ్రిలివ్కా, ల్యూతెంకి, కమ్యాని పొతోకి, స్వ్యతోత్రొయిత్‌స్కె, పీస్కి. పలకడం కష్టమైనా మీరు ఒకసారి చదవాలనే రాస్తున్నాను. ఆ ఊళ్లకు సరుకు రవాణా ఆపేశారు. దుకాణంలో ఉన్న ఉప్పు, అగ్గిపెట్టెలు, కిరోసిన్ కూడా బండ్లకెత్తి తీసుకుపోయారు. అమ్మకాలూ కొనుగోళ్లూ నిషేధం. తర్వాత ఆ జాబితాలోకి వందల ఊళ్లు చేరాయి.

మరి ఆ ధాన్యం ఎక్కడికి పోయింది? పట్నాలకు, సైన్యానికి, విదేశాలకు. 1932లోనూ 1933లోనూ సోవియట్ దేశం ఏటా పదిహేను లక్షల టన్నులకు పైగా ధాన్యం ఎగుమతి చేసింది, యంత్రాలు కొనడానికి. మనిషికి ఏడాదికి రెండు వందల కిలోలు వేసుకుంటే, పదిహేను లక్షల టన్నులు డెబ్బై అయిదు లక్షల మందికి ఒక ఏడాది తిండి. ఈ గుణకారం నేను కాగితం మీద మూడుసార్లు చేసి చూసుకున్నాను.

కరువొస్తే ఎవరైనా వలస పోతారు. వాళ్లు ఊరు వదిలి ఎందుకు పోలేదు? — డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

అమ్మా, అసలు అడగాల్సిన ప్రశ్న నువ్వు అడిగావు. పోయారు. 1932 చివర, 1933 మొదట్లో వేలమంది రష్యా వైపు, బెలారుస్ వైపు రొట్టె కోసం బయలుదేరారు. అప్పుడే దారులు మూసేశారు.

డిసెంబర్ 27న దేశంలో తిరగడానికి పాస్‌పోర్టు పద్ధతి తెచ్చారు. పట్నంలో ఉండాలంటే అది కావాలి. పల్లె జనానికి దాన్ని ఇవ్వలేదు. 1933 జనవరి 22న స్టాలిన్, మొలొతోవ్ సంతకాలతో ఇంకో ఆదేశం వెళ్లింది. ఉక్రెయిన్ నుంచి, ఉత్తర కాకసస్‌లోని కుబాన్ నుంచి "రొట్టె కోసం" జరుగుతున్న వలసను సోవియట్ శత్రువులు, పోలండ్ ఏజెంట్లు నడిపిస్తున్నారట. కాబట్టి రైతుల్ని దాటనివ్వొద్దు, దాటినవాళ్లను పట్టుకోండి. రైల్వే టికెట్లు ఇవ్వడం ఆపేశారు. రోడ్ల మీద కాపలా పెట్టారు. రహస్య పోలీసులు మార్చి మధ్య వరకు రాసిపెట్టుకున్న లెక్క ఇది: పట్టుబడినవాళ్లు 2,19,460 మంది. వాళ్లలో సొంత ఊళ్లకు తిప్పి పంపినవాళ్లు 1,86,588 మంది.

తిప్పి పంపిన చోట ఏముందో ఆ లెక్క రాసినవాళ్లకు తెలుసు. తిండి లేకే కదా వాళ్లు బయలుదేరింది.

పంట తగ్గడం మీద, కోటాల మీద ఎంతైనా వాదించుకోవచ్చు. తప్పు అంచనా, కిందివాళ్ల అబద్ధపు నివేదికలు, పరిశ్రమల తొందర, ఏదో ఒక సాకు చెప్పవచ్చు. జనవరి 22 తర్వాత నాకైతే ఏ సాకూ కనబడదు. ఆకలితో ఉన్న మనిషి తన కాళ్ల మీద తాను నడిచి తిండి ఉన్న చోటికి పోతుంటే, పట్టుకుని తిండి లేని చోటికి పంపడం పొరపాటున జరిగే పని కాదు. హాస్టల్ పెద్దావిడ తల్లి రాత్రిళ్లు ఎందుకు నడిచిందో నాకు ఆ ఆదేశం చదివాకే అర్థమైంది.

హొలొదొమోర్ అనే మాటకు అర్థం ఏమిటి? — పాఠకుడు, నెల్లూరు

ఉక్రెయిన్‌లో ఈ కరువుకు పెట్టుకున్న పేరు అది. హొలొద్ అంటే ఆకలి. మోర్ అంటే మూకుమ్మడి చావు, తెగులు వచ్చి పోయినట్టు. మొరీతి అనే క్రియకు ప్రాణం తీసేలా మాడ్చడమని అర్థం. రెండూ కలిస్తే ఆకలితో చంపడం. మా పెద్దావిడ మాత్రం ఎప్పుడూ ఉత్త "హొలొద్" అనే అనేది.

కొత్త పంట చేతికొచ్చే వేళకి చావులు తగ్గాలి కదా? జూన్‌లోనే ఎక్కువమంది పోయారని ఎక్కడో చదివాను. డాక్టర్‌గా చెప్పండి. — నర్సు, వరంగల్

నువ్వు చదివింది నిజమే. చావులు 1933 జూన్‌లో పతాకస్థాయికి చేరాయి. నెలల తరబడి మాంసకృత్తులు లేక రక్తంలో నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోతుంది. నీరు రక్తనాళాల్లో నిలవక కణజాలంలోకి దిగుతుంది. అందుకే ముందు ఎండిపోయిన మనిషి తర్వాత ఉబ్బుతాడు. కాళ్లు, ముఖం, కళ్ల కింద. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. గుండె కండరం కూడా కరిగిపోయి ఉంటుంది.

వాళ్లు ఆ వసంతంలో తిన్నవి చూడు: లొబొదా అనే కలుపుకూర, దురదగొండి, అకేసియా పువ్వులు, లిండెన్ చెట్టు ఆకులు, బెరడు, మొక్కజొన్న కండెల పిప్పి, పొలంలో కిందటేడు మిగిలిపోయి గడ్డకట్టి కుళ్లిన దుంపలు. అలాంటి పేగు మీద పాలుపట్టని పచ్చి వెన్నులు పడ్డాయి. ఒక్కసారిగా పిండిపదార్థం అందితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం అమాంతం పడిపోతాయి, గుండె ఆగిపోతుంది. ఈ సంగతి వైద్యశాస్త్రం సరిగా అర్థం చేసుకున్నది తర్వాతి కాలంలో, రెండో ప్రపంచయుద్ధ ఖైదీలను చూశాక. చేలో తిండి కనబడిన వారంలోనే మనుషులు ఆ చేలోనే పడిపోయారు.

ఇంకో మాట, నువ్వు నర్సువి కాబట్టి చెబుతున్నాను. మరణాల రిజిస్టర్లలో "ఆకలి" అని రాయడం అంటే డాక్టరు తన మీదికి తెచ్చుకోవడమే. అందుకే విరేచనాలు, టైఫస్, గుండె బలహీనత, వార్ధక్యం లాంటి మాటలు రాశారు. చాలా ఊళ్లలో రాసేవాడే లేక పేర్లే ఎక్కలేదు. మేం చదువుకున్న వైద్య కళాశాలలో ఒక్క పాఠంలోనూ ఈ కరువు ప్రస్తావన లేదు. ఆ నగరం వీధుల్లోంచే శవాలను బండ్ల మీద తీసుకెళ్లారు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పంపుతున్నాను. ఎముకల గూడులాంటి పిల్లలు. ఇది ఆ కరువుదేనా? — పాఠకుడు, హైదరాబాద్

కాదు. మీరు పంపింది 1921-22 నాటి వోల్గా కరువు ఫొటో. అదీ నిజమైన కరువే, నిజమైన పిల్లలే, కాలం వేరు. అప్పుడు లెనిన్ ప్రభుత్వం సాయం అడిగింది. నార్వే నుంచి నాన్సెన్ వచ్చాడు, అమెరికా సహాయ సంస్థ ఒక దశలో రోజుకు కోటిమందికి అన్నం పెట్టింది. వాళ్లతో కెమెరాలూ వచ్చాయి, కాబట్టి ఫొటోలు బోలెడు. 1933లో ప్రభుత్వం కరువే లేదంది. లేని కరువుకు సాయం ఎందుకు, ఫొటోలెందుకు? అందుకే దానివి చాలా తక్కువ. ఖార్కివ్‌లో పనిచేసిన వీనర్‌బర్గర్ అనే ఆస్ట్రియన్ ఇంజనీరు చిన్న లైకా కెమెరాతో దొంగచాటుగా తీసినవి ముఖ్యమైనవి. వాటిలో ఘోరంగా కనబడేది పెద్దగా ఉండదు. కాలిబాట పక్కన ఒక మనిషి పడి ఉంటాడు, పక్కనుంచి జనం నడిచి పోతుంటారు. అది చూసినప్పుడే నా కడుపులో తిప్పినట్టయింది.

తప్పు ఫొటో దయచేసి ఎవరికీ పంపకండి. ఒక తప్పు ఫొటో పట్టుకుని మొత్తం కరువే కట్టుకథ అన్నవాళ్లున్నారు.

బయటి ప్రపంచానికి తెలియదా? విలేకరులు ఏం చేశారు? — జర్నలిజం విద్యార్థి, తిరుపతి

తెలుసు. గారెత్ జోన్స్ అనే వేల్స్ కుర్రవాడు, అప్పటికి ఇరవై ఏడేళ్లు, రష్యన్ వచ్చు. 1933 మార్చిలో మాస్కోలో ఖార్కివ్‌కు రైలెక్కి, మధ్యలో ఒక చిన్న స్టేషన్లో దిగిపోయి, వీపు మీద తిండి మూట వేసుకుని పల్లెల వెంట నడిచాడు. రైతుల గుడిసెల్లో పడుకున్నాడు. ప్రతి చోటా విన్నది ఒకటే: "రొట్టె లేదు. చచ్చిపోతున్నాం." మార్చి 29న బెర్లిన్‌లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పాడు. రెండు రోజులు తిరక్కుండా న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేకరి వాల్టర్ డ్యూరాంటీ, జనం ఆకలితో ఉన్నారు గాని మాడి చావడం లేదని రాసి జోన్స్‌ను కొట్టిపారేశాడు. డ్యూరాంటీ అంతకుముందు ఏడాదే పులిట్జర్ అందుకున్నాడు. ఆ బహుమతిని వెనక్కి తీసుకోవాలని అడిగితే 2003లో ఆ బోర్డు కాదంది. జోన్స్ 1935 ఆగస్టులో మంచూరియా వైపు బందిపోట్ల చేతిలో చనిపోయాడు, ముప్పై ఏళ్లు నిండడానికి ఒక్కరోజు ముందు.

బ్రిటిష్ విలేకరి మాల్కమ్ మగ్గరిడ్జ్ మాంచెస్టర్ గార్డియన్ పత్రికకు తన కథనాలను సెన్సార్ కళ్లబడకుండా దౌత్య సంచిలో పంపాడు. ఫ్రాన్స్ మాజీ ప్రధాని ఎరియో అదే 1933 వేసవి చివర ఉక్రెయిన్ వచ్చి, చూపించినవి చూసి, ఆ నేల పూచిన తోటలా ఉందన్నాడు. నవంబర్‌లో అమెరికా సోవియట్ ప్రభుత్వాన్ని గుర్తించింది. నువ్వు ఈ రంగంలోకి వస్తున్నావు గనక ఒక్క తేడా గమనించు: జోన్స్ రైలు దిగాడు.

ఒకరు కోటి అంటారు, ఒకరు డెబ్బై లక్షలంటారు, ఇంకొకరు ముప్పై లక్షలు. ఏది నమ్మాలి? — బ్యాంకు ఉద్యోగి, రాజమండ్రి

జనాభా శాస్త్రవేత్తల లెక్కల్లో నేను గట్టిగా నిలిచేవనుకునేవి ఉక్రెయిన్‌కు 35 నుంచి 39 లక్షలు. అప్పటి ఉక్రెయిన్ జనాభా మూడు కోట్ల పైచిలుకు. అంటే దాదాపు ప్రతి ఎనిమిది, తొమ్మిది మందిలో ఒకరు. పెద్ద అంకె చెబితే బాధ పెద్దదవుతుందని కొందరు అనుకుంటారు, నాకది నచ్చదు. ఉక్రెయిన్‌తో ఆగిందీ కాదు. కజకిస్తాన్‌లో పశువులే ప్రాణంగా బతికే సంచార జనం నుంచి మందల్ని లాక్కోవడంతో 15 లక్షల దాకా పోయారు. కజక్ జాతిలో మూడో వంతుకు పైనే అది. దాని గురించి మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ. వోల్గా తీరంలో, కుబాన్‌లో కూడా లక్షల్లో.

అంకెలు తేలకపోవడానికి ఒక కారణం ఉంది. స్టాలిన్ 1934 జనవరి పార్టీ మహాసభలో దేశ జనాభా 16 కోట్ల 80 లక్షలన్నాడు. 1937 జనవరిలో జనగణన చేస్తే 16 కోట్ల 20 లక్షలే తేలింది, మూడేళ్లు గడిచాక కూడా. లెక్కను రద్దు చేసి, ఫలితాలు దాచి, లెక్క తీసినవాళ్లను అరెస్టు చేశారు. జనగణన నడిపించిన గణాంక నిపుణుడు క్విత్‌కిన్‌ను అదే ఏడాది కాల్చి చంపారు. 1939లో మళ్లీ లెక్క తీస్తే 17 కోట్లు దాటింది. బ్యాంకులో పనిచేసే మీకు, సరైన టోటల్ రాసినందుకు మనిషిని చంపడం ఎలాంటిదో తెలుస్తుంది.

ఇది జాతిహత్యేనా? అలాగైతే 1943 బెంగాల్ సంగతేమిటి? బ్రిటిష్‌వాళ్లను వదిలేసి స్టాలిన్ ఒక్కడినే ఎందుకు పట్టుకుంటారు? — పాఠకుడు, విజయవాడ

బెంగాల్‌ను వదిలేయమని ఎవరన్నారు? అక్కడా ముప్పై లక్షల దాకా చనిపోయారు, అదీ పాలకులు చేసిన కరువే. దాని మీద అడగండి, అంతే కోపంతో రాస్తాను. ఒక చావుల గుట్టను చూపించి ఇంకో గుట్టను కప్పలేం.

జాతిహత్య అన్న మాట మీద చరిత్రకారులు ఇప్పటికీ విడిపోయి ఉన్నారు. ఆ మాటను సృష్టించిన లెమ్‌కిన్ స్వయంగా 1953లో ఉక్రెయిన్‌కు దాన్ని వాడాడు. ఇది జాతిహత్యేనని ఉక్రెయిన్ పార్లమెంటు 2006లో చట్టం చేసింది. రష్యన్ రైతులూ, కజకులూ చనిపోయారు కాబట్టి ఇది ఒక్క జాతి మీద దాడి కాదని వాదించేవాళ్లూ నిజాయితీపరులే. నా మటుకు నేను కొన్ని విషయాలు పక్కపక్కన పెట్టి చూస్తాను. 1930లో ఒక్క ఉక్రెయిన్‌లోనే నాలుగు వేలకు పైగా రైతు తిరుగుబాట్లు జరిగాయి. 1932 ఆగస్టు 11న స్టాలిన్ తన సహచర నేత కగనోవిచ్‌కు రాసిన ఉత్తరంలో ఉక్రెయిన్‌ను పోగొట్టుకుంటామేమోనన్న భయం ఉంది. డిసెంబర్‌లో కుబాన్‌లో ఉక్రేనియన్ భాషలో బడులు, పత్రికలు ఆపేశారు. వలసను మూసింది ఉక్రెయిన్ సరిహద్దు వెంట, కుబాన్ వెంట. 1933 మేలో రచయిత ఖ్విలొవీ, జూలైలో విద్యామంత్రిగా పనిచేసిన పాత బోల్షెవిక్ స్క్రిప్నిక్ తుపాకితో కాల్చుకు చనిపోయారు. రైతునూ, ఆ రైతు మాట్లాడే భాషనూ కలిపే దెబ్బ కొట్టారని నేననుకుంటాను. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఆ ఆరు ఊళ్ల పేర్లు మాత్రం కాదనలేరు.

ఖాళీ అయిన ఊళ్లు ఏమయ్యాయి? మీ హాస్టల్ పెద్దావిడ తర్వాత ఊరికి వెళ్లిందా? — గృహిణి, అనంతపురం

1933 చివర్లో రష్యా, బెలారుస్ నుంచి లక్షకు పైగా మందిని రైళ్లలో తెచ్చి ఆ ఇళ్లలో దింపారు. చాలామంది ఆ ఇళ్లలో ఉండలేక ఏడాది తిరిగేసరికి వెనక్కి పోయారు.

ఆవిడ ఒక్కసారి వెళ్లిందట, యుద్ధం తర్వాత. ఇంటి గుర్తుగా ఒక పియర్ చెట్టు తప్ప ఏమీ లేదు. తల్లి ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు అక్కడ ఏటా నవంబర్ నాలుగో శనివారం సాయంత్రం నాలుగింటికి కిటికీల్లో కొవ్వొత్తులు పెడతారు. ఆవిడ ఉన్నప్పుడు ఆ రోజు లేదు.

1989 జూన్‌లో నేను వచ్చేస్తుంటే ఆవిడ స్టేషన్‌కు వచ్చింది. అదే స్టేషన్. రైలు కదిలే ముందు ఒక దిండు గలీబు నా ఒళ్లో పెట్టి మూతి బిగించి కట్టిన తాడు సరిచేసింది. "దారిలో తిను, దోన్యు" అంది. మాస్కో దాకా ఒక్క రాత్రి ప్రయాణం. ఆ సంచిలో వారం రోజులకు సరిపడా రొట్టె ఉంది.